తొమ్మిదో కాలమ్‌లో పెళ్ళిచూపులు

నలభై ఒక్క పేజీల ఫారంలో ముప్ఫై మూడో పేజీ దాకా బుద్ధిగానే నింపుకుంటూ వచ్చాను.

2021 ఏప్రిల్ అది. డ్రెస్డెన్‌లో జుట్టు కత్తిరించుకోవాలన్నా ముందు ముక్కులో పుల్ల పెట్టించుకుని, నెగటివ్ అని కాగితం చూపించాల్సిన రోజులు. యూనివర్సిటీ లాబ్‌లోకి వారానికి రెండు రోజులే రానిచ్చేవారు. మిగతా రోజులు నేను వంటగది బల్ల దగ్గర శాస్త్రవేత్తని. ఒక పక్క లాప్‌టాప్, ఇంకో పక్క తరగాల్సిన బెండకాయలు.

ఫారం బెర్లిన్‌లో ఒక మంత్రిత్వ శాఖ ఇచ్చే పరిశోధన గ్రాంటుది. మూసి ఉన్న గదిలో గాలి ఎంత పాడయిందో అక్కడికక్కడే చెప్పే చిన్న చిప్ ఒకటి నేను తయారుచేస్తున్నాను. ప్రపంచమంతా తలుపులు మూసుకుని ఒకరి ఊపిరికి ఒకరు భయపడుతూ కూర్చుంది కాబట్టి, అంతవరకూ ఎవరికీ పట్టని నా చిప్ మీద అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. గ్రాంటు వస్తే ఐదేళ్ళపాటు నా సొంత బృందం, నా సొంత లాబ్. రాకపోతే సెప్టెంబర్ ముప్ఫైన నా కాంట్రాక్టు అయిపోతుంది, దాని వెనకాలే వీసా. ముప్ఫై రెండేళ్ళ వయసులో రెండు సూట్‌కేసులతో విజయవాడలో దిగితే మా అమ్మ హేమమాలిని "పోన్లే, ఇప్పటికైనా వచ్చావు" అంటుంది. ఆ "పోన్లే" వినడం కంటే నలభై ఒక్క పేజీలు నింపడం నయం.

గ్రాంటు అడిగేవాళ్ళు తమ గురించి ఏదీ దాచకూడదట. ఇంకెవరైనా డబ్బు ఇస్తున్నారా, ఏ కంపెనీలోనైనా వాటా ఉందా, వేరే దేశపు సంస్థల్లో పదవులున్నాయా, జీతం లేనివైనా సరే చెప్పండి. ఎనిమిది కాలమ్‌లు ఇదే గోల. దాచడానికి నా దగ్గర ఏమైనా ఉంటే కదా! అన్నీ ఖాళీగా వదిలితే మరీ అనామకురాలిలా ఉంటుందని, ఇక్కడి తెలుగు సంఘంలో ఒక ఏడాది ఉగాది కార్యక్రమాల కార్యదర్శిగా చేశానని రాశాను. ప్రతిఫలం అన్నచోట "పులిహోర" అని రాసి, మళ్ళీ కొట్టేశాను.

తొమ్మిదో కాలమ్ దగ్గర ఆగిపోయాను. దరఖాస్తుల మీద నిర్ణయం తీసుకునే కమిటీ సభ్యులు ఏడుగురి పేర్లు ఇచ్చారక్కడ. వీళ్ళలో ఎవరితోనైనా మీకు ఇప్పుడుగాని ఇదివరకుగాని చుట్టరికం, స్నేహం, ఉద్యోగ సంబంధం, మరే ఇతర వ్యక్తిగత సంబంధమైనా ఉంటే తెలపండి అన్నారు. ఆరుగురు జర్మన్లు. ఏడో పేరు డాక్టర్ ఉమేశ్ పాలడుగు, ఇల్మెనౌ.

వీడా!

ఉమేశ్ 2013 డిసెంబర్ పదిహేనున, ఆదివారం పూట, నన్ను పెళ్ళిచూపులు చూసుకోవడానికి మా ఇంటికి వచ్చాడు. అప్పటికే అతను ఇక్కడ ఇల్మెనౌ అనే ఊళ్ళో పీహెచ్‌డీ చేస్తూ సెలవులకి వచ్చాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. డ్రెస్డెన్‌లో పీహెచ్‌డీ సీటు ఇస్తామన్న ఉత్తరం నా బీరువాలో ఉంది, వెళ్ళాలా మానాలా అని ఊగిసలాడుతున్నాను. వాళ్ళొచ్చారు, జీడిపప్పు ఉప్మా తిన్నారు, వెళ్ళారు. మర్నాడు సంబంధం తెచ్చిన కౌసల్య పిన్ని కబురు మోసుకొచ్చింది. వాళ్ళకి ఇష్టం లేదట. అంతటితో ఊరుకున్నారా? "అమ్మాయి చదువు సర్టిఫికెట్ల దాకానే, బుర్రకి ఎక్కినట్టు లేదు" అన్నారట.

మా అమ్మ మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను ఆ మూడు రోజుల్లోనే డ్రెస్డెన్‌కి వస్తున్నానని జవాబు రాసి, వీసాకి అర్జీ పెట్టేశాను. ఆ వాక్యం మీదే ఏడేళ్ళు బతికాను. థీసిస్ రాసేటప్పుడు నిద్ర ముంచుకొస్తే కాఫీ తాగేదాన్ని కాదు, ఆ వాక్యాన్ని ఒకసారి తలుచుకునేదాన్ని. లైప్‌జిగ్‌లో ఒక సదస్సులో ఉమేశ్ దూరం నుంచి కనిపిస్తే, ముఖం చూడాల్సి వస్తుందని ఆడవాళ్ళ టాయిలెట్‌లో నలభై నిమిషాలు కూర్చున్నాను.

ఇప్పుడు ఆ మనిషి నా బుర్ర మీద రెండోసారి తీర్పు చెప్పబోతున్నాడు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"రాయకు," అంది అమ్మ వెంటనే. "ఏమని రాస్తావే? 'నన్ను వద్దన్నాడు బాబోయ్' అని గవర్నమెంటుకి అర్జీ పెట్టుకుంటావా? సిగ్గు లేదూ?"

"దాచకూడదమ్మా. తర్వాత తెలిస్తే గ్రాంటు పోతుంది."

"ఎవరు చెప్తారే వాళ్ళకి? మీ కౌసల్య పిన్నికి జర్మన్ వచ్చా?"

మా ప్రొఫెసర్ మాట వేరు. ఆయన నేను చెప్పింది విని బుర్ర గోక్కున్నాడు. ఆ కమిటీలో గాలిని కొలిచే చిప్‌ల గురించి తెలిసినవాడు ఉమేశ్ ఒక్కడేనట. అతను తప్పుకుంటే నా దరఖాస్తు చదివే ఆరుగురికీ నా విషయం కొత్తేనట. అయినా సందేహం ఉంటే ఆఫీసువాళ్ళనే అడగమన్నాడు. అడిగాను. ఫ్రౌ కెస్లర్ అనే అధికారి గురువారం పది గంటలకి వీడియోలో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చింది. ఆవిడ వెనక గోడ మీద కేలెండర్ కూడా లేదు.

"ఏ రకం సంబంధం?" అంది ఆవిడ.

"అదే తెలియడం లేదు. ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చారు, నన్ను చూడడానికి."

"స్నేహితుడా?"

"కాదు. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు."

"మరి ఎందుకు వచ్చారు?"

"నన్ను పెళ్ళి చేసుకోవచ్చో లేదో తేల్చుకోవడానికి."

ఆవిడ కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. కాసేపటికి టైప్ చేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఒక్కరే వచ్చారా?"

"తొమ్మిది మంది వచ్చారు."

"తొమ్మిది మందీ మిమ్మల్ని…"

"కాదు కాదు. పెళ్ళికొడుకు ఒక్కడే. మిగతా ఎనిమిది మంది చూసి అభిప్రాయం చెప్పడానికి."

"ఆహా," అంది ఆవిడ, మొదటిసారి ఏదో అర్థమైనట్టు. "మూల్యాంకన కమిటీ."

"అంతే."

"ఎంతసేపు జరిగింది?"

"గంటన్నర. మేమిద్దరం విడిగా మాట్లాడుకున్నది నాలుగు నిమిషాలు. ఇల్మెనౌలో చలి ఎంత ఉంటుందని నేను అడిగాను. మైనస్ పన్నెండు దాకా వెళ్తుందన్నారు."

"ఫలితం?"

"తిరస్కరణ."

"రాతపూర్వకంగానా?"

"మా పిన్ని ద్వారా."

"ఎవరు ఎవరిని తిరస్కరించారు?"

"వాళ్ళే నన్ను," అన్నాను. ఏడేళ్ళ తర్వాత కూడా, పరాయి భాషలో కూడా, ఆ మాట చెప్తుంటే చెవులు వేడెక్కాయి.

ఇది పక్షపాతానికి దారితీయగల సంబంధమేనని ఆవిడ తేల్చింది. "ఇతరములు" కింద ఐదువందల అక్షరాలకి మించకుండా రాయాలి. ఉమేశ్ దగ్గర కూడా ఇలాంటి డిక్లరేషన్ తీసుకుంటారు. నా దరఖాస్తు చర్చకొచ్చినప్పుడు అతను బయటికి వెళ్ళిపోతాడు. నేను రాసి, సంతకం పెట్టి, పంపించేశాను. మనసు తేలికపడింది. ఆ రాత్రి బెండకాయ వేపుడు కూడా మాడకుండా కుదిరింది.

మే ఆఖరి వారంలో ఉత్తరం వచ్చింది. మీ ప్రకటన, డాక్టర్ పాలడుగు ప్రకటన ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నాయి. తిరస్కరణ మీ వైపు నుంచే వచ్చిందని ఆయన సంతకం చేసి తెలిపారు. పద్నాలుగు రోజుల్లో వివరణ ఇవ్వాలి. తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే దరఖాస్తును పక్కన పెడతాం. అదీ సారాంశం.

ఒళ్ళు మండిపోయింది. ఫ్రౌ కెస్లర్‌కి ఫోన్ చేశాను.

"అబద్ధం రాశాడు. నేను రాసిందే నిజం."

"ఆయనా అదే అన్నారు," అంది ఆవిడ. "చూడండి, ఎవరు ఎవరిని వద్దన్నా మాకు ఒకటే. ఎలాగూ ఆయన బయటికి వెళ్తారు. కానీ ఒకే ఫైల్లో సంతకాలున్న రెండు కాగితాలు రెండు రకాలుగా చెప్తున్నాయి. అలా ఉంచి ఫైల్ ముందుకు పంపలేను." మళ్ళీ ఆవిడే, "మీ మీద తనకి ఎలాంటి కోపమూ లేదని కూడా ఆయన రాశారు," అంది.

కోపం లేదట! నన్ను బుర్రలేనిదని తేల్చి, ఇప్పుడు పెద్దమనిషిలా నా మీద కోపం లేదట!

"అప్పుడు ఏం జరిగిందో ప్రత్యక్షంగా తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి సంతకంతో ఒక రాత తెప్పించండి," అంది ఫ్రౌ కెస్లర్. "జూన్ పదిలోపు."

విజయవాడలో అప్పుడు రెండో వేవ్. ఉదయం పూట కాసేపు తప్ప రోజంతా కర్ఫ్యూ. అమ్మా నాన్నా ఇంట్లోంచి కదలకుండా, వేళ్ళకి ఆక్సిజన్ మీటర్లు తగిలించుకుని, నీకెంత నాకెంత అని పోటీలు పడుతున్నారు. వీడియో కాల్‌లో విషయం చెప్పగానే అమ్మ అంతెత్తున లేచింది.

"ఎంత గుండె వాళ్ళకి! కూర్చోబెట్టి మేపి పంపితే, వద్దని, మళ్ళీ మనమే వద్దన్నామని రాసిస్తారా? ఏవండీ, విన్నారా?"

నాన్న వినలేదు. అంతవరకూ పక్కనే ఉన్న మనిషి మొక్కలకి నీళ్ళు పోయాలని లేచి వెళ్ళిపోయాడు. అప్పుడు అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. ఆ ఎండలో మొక్కలకి ఎవరు నీళ్ళు పోస్తారు?

నాకు అనుమానం వచ్చి కౌసల్య పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడ ముందు కరోనా గురించి, తర్వాత పనమ్మాయి రావడం లేదన్న దాని గురించి, ఆ తర్వాత మళ్ళీ కరోనా గురించి మాట్లాడింది. నేను వదల్లేదు.

"నన్ను మధ్యలోకి లాగకే తల్లీ," అంది చివరికి. "మీ నాన్న ఏం చెప్పమంటే అది చెప్పాను. ఎవరికీ అననని ఒట్టు వేయించుకున్నాడు. ఏదున్నా ఆయన్నే అడుగు."

మా నాన్న వెంకటరామారావు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయన రిజిస్ట్రేషన్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. నోటితో అబద్ధాలాడడంలో ఆయనకి సాటి లేదు. ఇష్టం లేని పేరంటానికి పిలిస్తే ఇంటిల్లిపాదికీ జ్వరాలు తెప్పిస్తాడు. అప్పు అడిగినవాడికి లేని ఆపరేషన్ చెప్తాడు. అదే మనిషి, కాగితం మీద మాత్రం చచ్చినా అబద్ధం రాయడు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి ఫ్రిజ్ ఉందా అంటే, "ఉంది, కానీ పనిచేయదు, అది కూడా రాసుకోండి" అని వాళ్ళని అరగంట నిలబెట్టాడు. గవర్నమెంటు ఫారం ఏ దేశానిదైనా ఆయనకి దేవుడి పటమే.

మర్నాడు నాన్న ఒక్కడే ఉన్న సమయం చూసి ఫోన్ చేశాను.

"పాలడుగు వాళ్ళని వద్దన్నది నువ్వా?"

"ఎవరు చెప్పారమ్మా? కౌసల్యకి కోవిడ్ వచ్చాక మతిమరుపు పట్టుకుంది."

"పిన్నికి కోవిడ్ రాలేదు."

"రాలేదా? మరి నాతో వచ్చిందనే చెప్పిందే. సరేలే, అప్పుడు జాతకాలు కుదర్లేదు."

"మనింట్లో జాతకాలు చూడరు నాన్నా."

"వాళ్ళు చూస్తారు."

"నాన్నా, ఇది జర్మనీ గవర్నమెంటు ఉత్తరం. నేను డిక్లరేషన్ ఇచ్చాను. అది తప్పని అంటున్నారు."

ఆయన గొంతు మారిపోయింది, ఆఫీసులో మాట్లాడే గొంతు.

"డిక్లరేషన్‌లో ఏమని రాశావు?"

"వాళ్ళే వద్దన్నారని."

"సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"నాకు తెలిసినంతవరకు అని రాశావా, లేక ఊరికే రాశావా?"

"ఊరికే."

"అయ్యో," అన్నాడు నాన్న. మా తాతయ్య పోయినప్పుడు కూడా ఆయన అంత బాధగా "అయ్యో" అనలేదు. "నా మూలాన నువ్వు గవర్నమెంటుకి తప్పుడు డిక్లరేషన్ ఇచ్చావన్నమాట."

"అయితే నువ్వే వద్దన్నావా? ఎందుకు?"

"నోటి మాట చెల్లదమ్మా. రాసి పంపిస్తాను. నోటరీ చేయించి."

కర్ఫ్యూలో నోటరీ ఏమిటి, బయటికి వెళ్ళకు, ఊరంతా మనుషులు పిట్టల్లా రాలిపోతున్నారు, తెల్ల కాగితం మీద రాసి ఫోటో తీసి పంపినా చాలని మొత్తుకున్నాను. రెండు డోసులూ అయ్యాయి, ఉదయం సడలింపు ఉంది అన్నాడు. గ్రాంటు పోతే పోనీ, నువ్వు మాత్రం కదలకని ఏడ్చినంత పని చేశాను. "గ్రాంటు సంగతి తర్వాత. తప్పుడు కాగితం మీద నీ సంతకం ఉంటే నాకు నిద్ర పట్టదు," అని పెట్టేశాడు.

నాలుగు రోజుల తర్వాత వాట్సాప్‌లో స్టాంపు పేపర్ ఫోటోలు వచ్చాయి. ఒక ఫోటోలో సగం ఆయన బొటనవేలే ఉంది. మిగతావి చదివాను.

"విజయవాడ, సత్యనారాయణపురం కాపురస్తుడు వెంకటరామారావు అను నేను పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, జర్మనీ ప్రభుత్వము వారికి ప్రమాణపూర్వకముగా తెలియజేసుకొనునది ఏమనగా:

ఒకటి. తేదీ 15-12-2013 ఆదివారము సాయంత్రం నాలుగు గంటలకు శ్రీ పాలడుగు మధుసూదన్ గారు తమ కుమారుడు ఉమేశ్‌తో సహా మా గృహమునకు వచ్చినది వాస్తవము.

రెండు. మరునాడు ఉదయము సదరు మధుసూదన్ గారు సంబంధము తమకు సమ్మతమేనని నాకు ఫోనులో తెలిపియున్నారు. నేనే వద్దంటిని. ఈ సంగతి నేటివరకు నా భార్యకు గాని, కుమార్తెకు గాని తెలియదు.

మూడు. సదరు ఉమేశ్ యందు ఏ దోషమూ లేదు. కుర్రవాడు మంచివాడు.

నాలుగు. కారణము. మధుసూదన్ గారు మాటల సందర్భమున 'అమ్మాయికి అక్కడ మళ్ళీ చదువులెందుకండీ, ఇల్లు చూసుకుంటే చాలదూ' అనిరి. డ్రెస్డెన్ నుండి సీటు ఇచ్చిన ఉత్తరము బీరువాలో ఉండగానే, నా కుమార్తె సరేనని తల ఊపినది. ఒకసారి కాదు, రెండుసార్లు ఊపినది. నేను కళ్ళారా చూచితిని. ఇరవై నాలుగేళ్ళలో నా కుమార్తె ఎవరి మాటకూ అంత తేలికగా సరే అనుట నేనెరుగను. మిక్కిలి భయపడితిని.

ఐదు. 'చదువు సర్టిఫికెట్ల దాకానే, బుర్రకి ఎక్కినట్టు లేదు' అను వాక్యము మధుసూదన్ గారు అన్నది కాదు. సదరు వాక్యము నా స్వంత కల్పన. కోపము వచ్చినగాని నా కుమార్తె కదలదు. కనుక కౌసల్య గారి ద్వారా చేరవేయించితిని.

పై సంగతులు యావత్తూ నిజము."

కింద ఆయన సంతకం, నోటరీ ముద్ర, ఇద్దరు సాక్షులు. ఒకటో సాక్షి కౌసల్య పిన్ని. రెండో సాక్షి మా అమ్మ. సాక్షి చదవకుండా సంతకం పెట్టకూడదని నాన్నే పట్టుబట్టి ఆవిడకి మొత్తం చదివించాడట. అమ్మ పేరు చివర పెన్ను ఎంత గట్టిగా నొక్కిందో, ఆ చోట కాగితం చిరిగింది.

నాలుగో పేరా మళ్ళీ చదివాను.

ఊపాను. నిజమే. ఆ సాయంత్రం గురించి ఏడేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న కథలో ఉప్మా ఉంది, మైనస్ పన్నెండు డిగ్రీలు ఉంది, నన్ను అవమానించిన మనుషులున్నారు. ఆ తల ఊపడం మాత్రం లేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. అంతమంది చూస్తున్నారు, మధుసూదన్ గారు నవ్వుతూ అడిగారు, కాదనడం మర్యాద కాదనిపించింది. అంతకంటే పెద్ద కారణం కూడా లేదు. అంత చిన్న మర్యాద కోసం నా చదువు మొత్తం ఇచ్చేయబోయాను. చాలా సిగ్గేసింది. ఎవరూ లేని గదిలో ముఖం దాచుకున్నాను.

జర్మన్ అనువాదం నేనే చేయవచ్చని ఫ్రౌ కెస్లర్ చెప్పింది. ఆవిడకి కావలసింది రెండో పేరా ఒక్కటే. నాలుగూ ఐదూ వదిలేసి చేశాను. తెలుగు అసలు కాగితం ఆ ఆఫీసులో ఎవడు చదవగలడు? కానీ అనువాదం కింద "ఇది పూర్తి అనువాదమని ధ్రువీకరిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టాలి. పెన్ను పట్టుకుని పావుగంట కూర్చున్నాను. కోవిడ్‌లో రెండు మాస్కులు కట్టుకుని నోటరీ దగ్గర క్యూలో నిలబడిన మనిషికి కూతుర్ని. తిట్టుకుంటూ మిగతా రెండు పేరాలూ చేశాను. "తల ఊపినది" అన్నదాన్ని జర్మన్‌లో ఎన్నిసార్లు మార్చి రాసినా నా పరువు దక్కలేదు. "రెండుసార్లు" అని కూడా రాసి పంపించేశాను.

వారానికి జవాబు వచ్చింది. వివరణ సంతృప్తికరంగా ఉంది. దరఖాస్తుదారు తెలిసి తప్పు చెప్పలేదని నమోదు చేశాం. దరఖాస్తు ముందుకు వెళ్తుంది. నాలుగు, ఐదు పేరాల్లోని సమాచారం మాకు అవసరం లేనిది, వ్యక్తిగతమైనది కాబట్టి సమాచార రక్షణ నిబంధనల ప్రకారం వాటిని ఫైల్లో నల్లగా కొట్టేశాం. మీ రికార్డు కోసం ఒక ప్రతి జతచేస్తున్నాం. తెరిచి చూశాను. రెండు పేరాల మీద దిట్టంగా నల్ల పట్టీలు. నేను ఒక రాత్రంతా పడ్డ యాతనని ఎవరో గుమాస్తా పది సెకన్లలో కప్పేశాడు.

ఆ వేసవంతా మా అమ్మ నాన్నతో మాట్లాడలేదు. వంట చేసేది, వడ్డించేది, మాట మాత్రం నాతో చెప్పి ఆయనకి చెప్పించేది. "ఏడేళ్ళు పాలడుగు వాళ్ళ తరఫు పెళ్ళిళ్ళకి ఒక్కదానికి వెళ్ళలేదే," అనేది. "ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. మధుసూదన్ గారి భార్య పాపం రెండుసార్లు పలకరించబోయింది. ఏమనుకుని ఉంటుందో మహాతల్లి." ఆవిడ కోపంలో న్యాయం ఉంది. అది నాన్నకీ తెలుసు. అందుకే కిక్కురుమనకుండా తిని లేచిపోయేవాడు.

జూలైలో కమిటీ ముందు వీడియోలో మాట్లాడాను. తెర మీద ఉమేశ్ పెట్టె ఖాళీగా ఉంది. మిగతా ఆరుగురిలో ఒకాయన కిటికీ తెరిస్తే పోయేదానికి చిప్ ఎందుకన్నాడు. ఇంకొకావిడ నా మైక్ ఆపేసి ఉందని చెప్పింది, అప్పటికి నేను మూడు నిమిషాలుగా మాట్లాడుతున్నాను. లాప్‌టాప్ మూశాక గ్రాంటు పోయిందనే అనుకున్నాను. ఆగస్టంతా సూట్‌కేసుల ధరలు చూశాను.

సెప్టెంబర్ పదిహేడున ఈమెయిల్ వచ్చింది. గ్రాంటు మంజూరైంది. ఏడుగురిలో ఆరుగురు ఓటు వేశారు, ఆరూ అనుకూలమే.

ముందు ఉమేశ్‌కి రాశాను. అంతవరకూ అతనికి రాయడం నిబంధనలకి విరుద్ధం. ఏడేళ్ళుగా మిమ్మల్ని అన్యాయంగా తిట్టుకున్నాను, క్షమించండి అన్నాను. అరగంటలో జవాబిచ్చాడు. "ఫర్వాలేదండీ. నేనూ తిట్టుకున్నాను. కోపం లేదని ఫారంలో రాసింది మాత్రం అబద్ధం, అది ఎవరికీ చెప్పకండి."

తర్వాత ఇంటికి చేశాను. అమ్మ విని, దేవుడికి దండం పెట్టుకుని, ఫోన్ నాన్న చేతికిచ్చింది. మూడు నెలల్లో ఆవిడ ఆయన చేతికి నేరుగా ఇచ్చిన మొదటి వస్తువు అదేననుకుంటాను.

"వచ్చింది నాన్నా."

"ఉత్తరమా, ఈమెయిలా?"

"ఈమెయిల్. ఉత్తరం వెనకాల వస్తుందట."

"అయితే ఉత్తరం వచ్చాక సంతోషిద్దాం," అన్నాడు. గొంతులో సంతోషం అప్పటికే తెలిసిపోతోంది.

జూన్ నుంచి అడగాలనుకుంటున్న మాట అప్పుడు అడిగాను. "ఆ రోజు నాతోనే అనొచ్చుగా, తల ఊపకే అని? అంత నాటకం ఎందుకు?"

"అంటే ఏం చేసేదానివి?"

నిజం ఒప్పుకున్నాను. "నువ్వు వద్దన్నావని పంతానికి చేసుకునేదాన్ని."

"మరి," అన్నాడు నాన్న.

నాకు ఏడుపొచ్చింది. ఏడేళ్ళు ఎవరిమీద కోపంతో పనిచేశానో వాళ్ళు ఏమీ అనలేదు. అన్న మనిషి, కూతురు ఎన్నాళ్ళు బాధపడితే అన్నాళ్ళూ నోరు మూసుకుని, కారణం కడుపులో పెట్టుకుని కూర్చున్నాడు. థాంక్స్ చెప్పాలో తిట్టాలో తెలియలేదు.

"ఏడుస్తున్నావా?" అన్నాడు.

"లేదు."

"సరే, లేదులే. చూడమ్మా, ఆ ఉత్తరంతో పాటు ఇంకేవో ఫారాలు వస్తాయి, గ్రాంటన్నాక. సంతకం పెట్టే ముందు ఒకసారి నాకు పంపించు."

"అవి జర్మన్‌లో ఉంటాయి నాన్నా."

"ఉండనీ," అన్నాడు. "సంతకం ఎక్కడ పెట్టాలో చూసి చెప్తాను."